చలికాలంలో విండో క్లీనింగ్ వ్యాన్: ట్యాంకు కోసం కాదు, పంపు కోసం టెన్షన్ పడు

తమ్ముడూ, నువ్వడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను, మిగతావాళ్ళకూ అర్థమవుతుంది. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో విండో క్లీనింగ్ మొదలుపెట్టావు. శుద్ధిచేసిన నీళ్ళను పొడుగాటి పోల్ చివరనున్న బ్రష్‌లోంచి చిమ్మి అద్దాలు కడిగే పని ఇది. వేసవిలో సెకండ్ హ్యాండ్ వ్యాన్ కొన్నావు. అందులో 400 లీటర్ల ట్యాంకు, కుళాయి నీళ్ళు వడకట్టే ఆర్‌ఓ, మిగిలిన లవణాలు లాగేసే రెజిన్ గింజల సిలిండరు, 12 వోల్టుల పంపు, వంద మీటర్ల పైపు రీలు ఉన్నాయి. మొన్న ఉదయం స్విచ్ వేస్తే పంపు తిరగలేదు, మధ్యాహ్నానికి దానంతటదే తిరిగింది. వచ్చే వారం మైనస్ 5 అంటున్నారు. టెర్రస్ ఇల్లు (వరసగా ఒకదానికొకటి అంటుకుని ఉండే ఇళ్ళలో ఒకటి) కాబట్టి వ్యాన్ రోడ్డు మీదే ఉంటుంది, ఇంటి కరెంటు అందదు. రోజూ ట్యాంకు ఖాళీ చేయాలా, బ్యాటరీ మీద హీటరు పెట్టాలా, యాంటీఫ్రీజ్ కలపాలా అన్నావు.

మూడూ వద్దు. నేను పక్కనే బ్రాడ్‌ఫర్డ్‌లో చాలా ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. చూసినంతలో చెప్తున్నా, ఇక్కడి మామూలు చలి రాత్రికి 400 లీటర్ల ట్యాంకు గడ్డకట్టదు. గడ్డకట్టేది పంపు తలలో (మోటారు ముందు నీళ్ళు పారే భాగం) మిగిలిన గుక్కెడు నీళ్ళు, ఫిల్టరు గిన్నెలో ఉండిపోయిన గ్లాసెడు నీళ్ళు, బ్రష్ జెట్‌లో నిలిచిన నాలుగు చుక్కలు. డబ్బు వదిలేదీ అక్కడే.

నమ్మకం కుదరాలంటే లెక్క చూడు. లీటరు నీళ్ళు ఒక్క డిగ్రీ చల్లారాలంటే సుమారు 4.2 కిలోజౌళ్ళ వేడి బయటికి పోవాలి. సున్నాకు దిగాక అదే లీటరు పూర్తిగా గడ్డకట్టాలంటే ఇంకో 334 కిలోజౌళ్ళు పోవాలి. అంటే 80 డిగ్రీల వేడినీళ్ళు సున్నాకు చల్లారేటప్పుడు ఎంత వేడి పోతుందో, సున్నా దగ్గరున్న నీళ్ళు మంచుగడ్డ అయ్యేటప్పుడూ అంత పోవాలన్నమాట. నీ ట్యాంకులో సాయంత్రం 8 డిగ్రీల నీళ్ళున్నాయనుకో. వ్యాన్ లోపల రాత్రంతా మైనస్ 5 ఉన్నా, ఆ సైజు ప్లాస్టిక్ ట్యాంకు నుంచి పోయే వేడి 150 వాట్లకు అటూ ఇటూ. పది గంటల్లో మూడు నాలుగు డిగ్రీలు చల్లారతాయి, అంతే. మొత్తం గడ్డకట్టాలంటే పగలూ రాత్రీ అదే చలి వారాల తరబడి ఉండాలి.

అదే 6 మిల్లీమీటర్ల సన్న పైపు సంగతి చూడు. మీటరు పైపులో పట్టేది 28 మిల్లీలీటర్లు. వంద మీటర్లు కలిపినా మూడు లీటర్లు నిండదు. గాలి తగిలే ఒళ్ళు మాత్రం బోలెడు. పంపు తల సంగతి ఇంకా ఘోరం, ఉన్నవే కాసిని నీళ్ళు. అర్ధరాత్రి దాటేసరికే అది బయటి చలితో సమానమైపోతుంది.

నీళ్ళు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. ఖాళీ ఉంటే అందులోకి ఉబ్బుతాయి, లేకపోతే చుట్టూ ఉన్నదాన్ని పగలగొడతాయి. మనవాళ్ళు చాలామంది మోసపోయేది ఇక్కడే: పగిలినది పగిలినప్పుడు కారదు. మంచే బిరడాలా అడ్డుపడి ఉంటుంది. పొద్దున చూస్తే అంతా పొడిగా, బాగానే కనిపిస్తుంది. పదకొండింటికి ఎండ తగిలి మంచు కరిగాక, నువ్వు రింగ్ రోడ్డు మీద పోతుండగా వెనక నీళ్ళు పారడం మొదలవుతుంది.

మొన్న నీ పంపు బతికి బయటపడిందో లేదో ఇప్పుడే చూడు. ట్యాంకు వాల్వు మూసెయ్. పంపుకి నీళ్ళు వచ్చే వైపు చిన్న జాలీ ఫిల్టరు ఉంటుంది, దాని గిన్నె చేత్తోనే తిప్పితే ఊడుతుంది. జాలీ తీసి, గిన్నెను శుభ్రంగా తుడిచి, వెలుతురుకు ఎదురుగా పట్టుకో. అడుగున అచ్చు పోసిన చోట గుండ్రటి గుర్తు ఉంటుంది, చీలిక అక్కడి నుంచే బయల్దేరుతుంది. వెంట్రుకంత గీత, ఒక్కోసారి కంటికి ఆనదు. గోటితో అడ్డంగా గీకితే మాత్రం తగులుతుంది. తర్వాత గిన్నె బిగించే మర దగ్గర చూడు, అక్కడ చీలితే నీళ్ళు కారకుండానే గాలి పీల్చుతుంది, పంపు తిరుగుతూనే ఉంటుంది కానీ ప్రెషర్ రాదు. గిన్నె తిరిగి బిగించి, వాల్వు తెరిచి, పంపు తలను మోటారుకి బిగించిన స్క్రూల చుట్టూ టిష్యూ పేపరు చుట్టి రెండు నిమిషాలు పంపు నడిపి చూడు. తడిస్తే లోపలి డయాఫ్రమో (నీళ్ళను తోసే రబ్బరు పొర), పైమూతో పోయినట్టే. చాలా మోడళ్ళకు తల భాగం విడిగా దొరుకుతుంది, మోటారుతో సహా కొత్తది కొనక్కర్లేదు.

ఇంకోసారి పంపు తిరగకపోతే స్విచ్ పదే పదే వేయకు. లోపల మంచు ఉంటే మోటారు తిరగలేక కరెంటు లాగేస్తుంది, ఫ్యూజు పోతుంది, లేదా కంట్రోలరు (పంపు వేగాన్ని అదుపుచేసే పెట్టె) డెడ్ ఎండ్, అంటే నీళ్ళు పోయే దారి మూసుకుందని చూపించి ఆపేస్తుంది. ఆపడం దాని ధర్మం, నువ్వు సెట్టింగు పెంచి దాన్ని ఏమార్చకు. గోరువెచ్చని నీళ్ళలో ముంచిన గుడ్డ పంపు తల మీద వేసి పది నిమిషాలు ఆగు. మరిగే నీళ్ళు పోస్తే చలికి పెళుసెక్కిన ప్లాస్టిక్ జాయింట్లు టపీమంటాయి. మంట చూపించడం గురించి అసలు మాట్లాడనే వద్దు.

ఇక రోడ్డు మీద నిలిపే వ్యాన్‌కి కరెంటు లేకుండా ఏం చేయాలన్నది. నీ హీటరు నీ దగ్గరే ఉంది, ట్యాంకే నీ హీటరు. పై లెక్క ఇంకోసారి చూడు, ఆ ట్యాంకు రాత్రంతా 150 వాట్ల చొప్పున వేడి వదులుతూనే ఉంటుంది. ఆ వేడిని వ్యాన్ రేకుల గుండా బయటికి పోనివ్వకుండా పంపు చుట్టూ తిప్పుకోవాలి. చాలా వ్యాన్లలో పంపూ ఫిల్టరూ వెనక తలుపు దగ్గర ఉంటాయి, చేతికి అందుతాయని. వ్యాన్‌లో అన్నిటికన్నా చల్లగా ఉండేది ఆ చోటే. నువ్వు వాటిని విప్పి ట్యాంకు పక్కకు, వీలైతే ట్యాంకుకూ డ్రైవరు వెనకుండే గోడకూ మధ్యకు జరుపు. పైపు ఇంకో మీటరు పడుతుంది, అంతే.

తర్వాత ట్యాంకునీ పంపునీ ఫిల్టరునీ కలిపి ఒకే పెట్టెలో బంధించు. సెలోటెక్స్ లాంటి గట్టి ఇన్సులేషన్ షీటు, 25 మిల్లీమీటర్ల మందం చాలు. బిల్డర్ల దగ్గర ముక్కలు మిగిలిపోయి ఉంటాయి, అడిగితే ఊరికే ఇస్తారు. అతుకుల మీద అల్యూమినియం టేపు వెయ్. ముఖ్యమైన సంగతి ఒకటి: పంపుకూ ట్యాంకుకూ మధ్య మాత్రం షీటు పెట్టకూడదు. పంపుని విడిగా శాలువా కప్పినట్టు చుట్టేసి, ట్యాంకుకి ఇంకో దుప్పటి కప్పిన వ్యాన్లు నేను చూశాను. ఆ పంపు అందరి కంటే ఓ గంట ఆలస్యంగా గడ్డకడుతుంది, అంతకుమించి ప్రయోజనం లేదు. ఇన్సులేషన్ వేడి పుట్టించదు కదా, ఉన్న వేడిని నిదానంగా పోనిస్తుంది. లోపల వేడి వస్తువు లేకుండా ఎన్ని పొరలు చుట్టినా దండగే. కంట్రోలరు, బ్యాటరీ ఆ పెట్టె బయటే ఉండనివ్వు, చెమ్మ వాటికి పడదు.

వాల్వు గురించి ఒక మాట. ట్యాంకు అడుగున ఉండే ఇత్తడి బాల్ వాల్వు మూస్తే లోపలి బంతి రంధ్రంలో చెంచాడు నీళ్ళు చిక్కుకుపోతాయి. గడ్డకడితే ఎటూ పోలేక వాల్వు ఒంటినే చీలుస్తాయి. అందుకే అది కూడా పెట్టె లోపలే ఉండాలి. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు రాత్రిపూట వాల్వు మూసే ఉంచు, తర్వాత ఎక్కడ పగిలినా 400 లీటర్లు రోడ్డు పాలు కావు. ట్యాంకు ఖాళీ చేసి వదిలేస్తే మాత్రం వాల్వును సగం తెరిచి ఉంచు, చిక్కుకున్న నీళ్ళు జారిపోతాయి.

ఆర్‌ఓని వ్యాన్‌లోంచి దించెయ్. ఇది సలహా కాదు, చెప్పానంటే చెయ్యాల్సిందే. పంపు తల పోతే ఎలాగో సర్దుకోవచ్చు, ఆర్‌ఓ మెంబ్రేన్ గడ్డకడితే లోపలి సన్న పొర పాడవుతుంది, పైకి ఏమీ కనిపించదు. కరిగాక నీళ్ళు వస్తూనే ఉంటాయి, నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు పెడితే తెలుస్తుంది అసలు సంగతి. ఇరవై పీపీఎమ్‌లోపు (పది లక్షల వంతుల్లో ఇరవై) వచ్చే రీడింగు ఎక్కడికో పోయి ఉంటుంది, నెలలు రావాల్సిన రెజిన్ వారాల్లో అయిపోతుంది. పోనీ నీళ్ళు వంచేసి చలికాలమంతా వ్యాన్‌లోనే ఉంచుదామంటే కుదరదు. వంచినా మెంబ్రేన్ తడిగానే ఉంటుంది, ఆ తడే గడ్డకడుతుంది. పూర్తిగా ఆరితే అదీ చేటే. రెజిన్ సిలిండరూ అంతే, గింజల్లో సగం బరువు నీళ్ళే, గడ్డకడితే గింజలు పగలొచ్చు. రెండూ ఇంట్లోకి రావాలి.

లీడ్స్‌లో హేర్‌హిల్స్, బీస్టన్ వైపు పాత టెర్రస్ ఇళ్ళకు చాలావాటికి సెల్లార్ (నేలమాళిగ) ఉంటుంది. నీకూ ఉంటే నీ అదృష్టం. ఆర్‌ఓని అక్కడ గోడకు బిగించి, 200 లీటర్ల డ్రమ్ములు రెండు మూడు పక్కన పెట్టుకో. ఆర్‌ఓ తీరిగ్గా డ్రమ్ములు నింపుతుంది, సాయంత్రం ఒక చిన్న సబ్‌మెర్సిబుల్ పంపుతో వ్యాన్‌లోకి ఎక్కించుకో. పేవ్‌మెంట్ మీద పైపు నింపినంతసేపే ఉండాలి, నువ్వు పక్కనే నిలబడాలి. చీకట్లో ఎవరైనా తట్టుకుని పడితే చలికన్నా పెద్ద తలనొప్పి.

దీనివల్ల ఇంకో లాభం ఉంది, చాలామంది లెక్కేసుకోరు. జనవరిలో కుళాయి నీళ్ళు ఐదారు డిగ్రీలుంటాయి. సెల్లార్‌లో రెండు రోజులు నిలిచిన నీళ్ళు పన్నెండు దాకా ఎక్కుతాయి. 400 లీటర్లు ఆరు డిగ్రీలు వెచ్చగా ఎక్కించావంటే దాదాపు 10,000 కిలోజౌళ్ళ వేడి వ్యాన్‌లోకి మోసుకెళ్ళినట్టే, అంటే 2.8 యూనిట్ల కరెంటు. 100 వాట్ల హీటరు 28 గంటలు వెలిగినంత. పైసా ఖర్చు లేదు. అందుకే ట్యాంకు ఖాళీ చేయొద్దన్నాను. పని నుంచి వచ్చాక ట్యాంకులో యాభై లీటర్లు మిగిలి ఉంటే అవి తెల్లారేసరికి బాగా చల్లబడిపోతాయి, పంపుకి అందించే వేడీ ఉండదు. పొద్దున లేచి నింపుకుందాంలే అనుకునేవాళ్ళకే పంపులు పోతాయి. సాయంత్రమే నింపు. అంచు దాకా కాదు, పైన కాస్త వదిలెయ్. వ్యాన్ మోయగలిగే బరువు కూడా చూసుకో, 400 లీటర్లంటే 400 కిలోలు.

చలికాలంలో ఆర్‌ఓ నెమ్మదిస్తుంది, పాడైందేమోనని కంగారుపడకు. నీటి వేడి ఒక్కో డిగ్రీ తగ్గేకొద్దీ ఉత్పత్తి సుమారు 3 శాతం పడిపోతుంది. వేసవిలో 15 డిగ్రీల నీళ్ళతో ఎంత ఇచ్చేదో ఇప్పుడు 5 డిగ్రీలతో అంతకంటే పాతిక, ముప్ఫై శాతం తక్కువ ఇస్తుంది. నాణ్యత మాత్రం కాస్త మెరుగే. ఒక్కటి గమనించు, ఆర్‌ఓ వదిలేసే ఉప్పునీళ్ళు పోయే వేస్ట్ పైపు చివర బయట పెరట్లో వేలాడేస్తే ఆ చివరన నీళ్ళు గడ్డకట్టి మూసుకుపోతాయి. వేస్ట్ పోయే దారి లేకపోతే ఉప్పు మెంబ్రేన్ మీదే పేరుకుంటుంది. సెల్లార్‌లోనే డ్రెయిన్‌లోకి వదులు.

రీలు సంగతికొద్దాం. సన్న పైపు గడ్డకట్టినంత మాత్రాన సాధారణంగా పగలదు, సాగి ఊరుకుంటుంది. పోయేది రీలు మధ్యలో తిరిగే జాయింటు, చివర్లో క్లిక్ కనెక్టరు. ఇంకో తంటా ఉంది. పొద్దున పై చుట్లు మెత్తగా వస్తాయి, ఇరవై మీటర్లు లాగాక లోపలి చుట్లు వంచితే కరకరమంటాయి. అక్కడితో ఆ రోజు పని మధ్యాహ్నానికి వాయిదా, లోపలి చుట్ల దాకా వేడి వెళ్ళడానికి గంటలు పడుతుంది. రీలుని పెట్టెలోకి తేగలిగితే తే. లేదంటే విప్పి ఇంట్లోకి తెచ్చుకో, బరువేమీ ఉండదు. విప్పడం కుదరని రీలైతే సాయంత్రం ట్యాంకు వాల్వు మూసి, పంపులోకి గాలి పోయేలా ఫిల్టరు గిన్నె ఊడదీసి, పైపు చివర తెరిచి పంపు కాసేపు ఉత్తదే నడుపు. డయాఫ్రమ్ పంపు కాబట్టి నీళ్ళు లేకుండా కాసేపు తిరిగితే ఏమీ కాదు. దాంతో పంపు తలా ఖాళీ అవుతుంది, పైపులో నీళ్ళూ కొన్ని పోతాయి. మిగిలినవి టైర్లకు గాలి కొట్టే 12 వోల్టుల చిన్న కంప్రెషర్‌తో ఊదెయ్యి, కనెక్టరుకు ఒక అడాప్టరు పెట్టుకుంటే సరిపోతుంది.

కొందరు పైపు చివరని తిరిగి ట్యాంకులో పెట్టి రాత్రంతా పంపు తిప్పుతుంటారు, కదిలే నీళ్ళు గడ్డకట్టవని. అసలు కారణం కదలడం కాదు, ట్యాంకు నీళ్ళ వేడి పైపులోకి వస్తూ ఉండడం. పగలు రెండిళ్ళ మధ్య డ్రైవింగ్‌లో ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. రాత్రంతా అంటే బ్యాటరీ చస్తుంది.

పోల్‌ని రాత్రికి వ్యాన్‌లో వదలకు. బ్రష్‌నీ, లోపలి పైపునీ దులిపి ఇంట్లో నిలబెట్టు. పగలు కూడా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి నడిచే ఆ రెండు నిమిషాల్లోనే జెట్లు మూసుకుపోతాయి, ఒక్క చుక్కకి ఎంతసేపు కావాలి? నీళ్ళు పూర్తిగా ఆపేయకుండా సన్నగా కారనివ్వు. కార్బన్ పోల్ క్లాంపుల్లో తడి గడ్డకట్టి బిగుసుకుంటే బలంగా తిప్పకు, చంకలో ఓ నిమిషం పెట్టుకో.

బ్యాటరీ హీటరు ఎందుకొద్దన్నానో చూడు. 100 వాట్ల హీటరు పది గంటలకు 1000 వాట్-అవర్లు తాగుతుంది. నీ 110 ఆంపియర్-అవర్ లీజర్ బ్యాటరీలో (ఇంజనుకు కాక పంపు నడపడానికి విడిగా ఉండేది) పాడవకుండా వాడుకోగలిగేది సగం, అంటే 660. చలికి అదీ తగ్గుతుంది. రాత్రి రెండింటికి హీటరు ఆరిపోతుంది, పొద్దున పంపు తిప్పడానికీ కరెంటు ఉండదు. పూర్తిగా దిగిపోయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ తనే గడ్డకట్టగలదు, అది వేరే ఖర్చు. ఎవరో లిథియం వేయించుకోమంటారు. మంచిదే, కానీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్‌ని సున్నా కంటే కింద చార్జ్ చేస్తే పాడవుతాయి. లోపల ఆ రక్షణ ఉన్నదే కొను, లేదా దాన్నీ వెచ్చటి చోట పెట్టు.

పని పెరిగి, డబ్బు చేతిలో ఆడుతుంటే డీజిల్ నైట్ హీటరు వేయించుకో. వెబాస్టో, ఎబర్‌స్పెకర్ లాంటివి. 2 కిలోవాట్ల హీటరు సన్న మంట మీద గంటకు 100, 150 మిల్లీలీటర్ల డీజిల్ కాలుస్తుంది. రోడ్డు మీద నిలిపే వ్యాన్‌కి నిజంగా పనికొచ్చే హీటరు ఇదొక్కటే. కానీ పొగ గొట్టం పూర్తిగా వ్యాన్ బయటికి ఉండాలి, కార్బన్ మోనాక్సైడ్ అలారం లోపల ఉండాలి, ఇన్సూరెన్స్ వాళ్ళకు చెప్పాలి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే హీటరు తెచ్చి యూట్యూబ్ చూసి బిగించుకుంటానంటే నేను ఒప్పుకోను.

రేపు డ్రైవ్‌వే ఉన్న ఇంటికి మారితే అప్పుడు గ్రీన్‌హౌసుల్లో వాడే ట్యూబ్ హీటరు తీసుకో. 80, 100 వాట్లు, పంపు కింద నేలబారున బిగించి, 5 డిగ్రీల దగ్గర ఆన్ అయ్యే థర్మోస్టాట్‌కి కలుపు. రాత్రంతా వెలిగినా ఒక యూనిట్, అంటే పాతిక పెన్నీల చుట్టుపక్కల. ప్లగ్గు ఆర్‌సీడీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉన్న సాకెట్లోనే పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ కేబుల్‌ని చుట్ట మీద వదలకుండా మొత్తం విప్పాలి, చుట్ట మీద ఉంటే వేడెక్కుతుంది. ఫ్యాన్ హీటరు మాత్రం వద్దు. చుట్టూ గుడ్డలు, ఎవరైనా పెట్రోలు డబ్బా పెడితే ఇక చెప్పక్కర్లేదు. మనిషి లేని వ్యాన్‌లో ఫ్యాన్ హీటరు పెట్టి నిద్రపోవడం ఎలా సాధ్యమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

వెచ్చగా ఉంటే ఇంకా మంచిదని ట్యాంకుని 30 డిగ్రీల దగ్గర రోజుల తరబడి ఉంచకు. 20 నుంచి 45 డిగ్రీల మధ్య లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది, మనం దాన్ని తుంపరలుగా చల్లుకుంటూ పనిచేస్తాం. మనకు కావలసింది సున్నాకు పైన ఉండడం. అంతే.

యాంటీఫ్రీజ్ విషయం ఒక్క ముక్కలో. 400 లీటర్లు మైనస్ 5 దాకా ఆగాలంటే అందులో 50, 60 లీటర్ల ప్రొపిలిన్ గ్లైకాల్ కలపాలి. అద్దం మీద అది జిడ్డుగా చారలు కడుతుంది, ఇన్నాళ్ళూ సున్నా పీపీఎమ్ కోసం పడిన కష్టం గంగలో కలుస్తుంది. కార్లలో పోసే ఇథిలిన్ గ్లైకాల్ అయితే విషం, కస్టమర్ పిల్లి నాకితే నీ పని అయిపోయినట్టే. ఇంకొందరు, శుద్ధమైన నీళ్ళు మైనస్ చాలా కిందికి వెళ్ళినా గడ్డకట్టవట కదా అంటారు. ల్యాబులో ధూళి కణం కూడా లేని చిన్న బిందువులకు వర్తించే మాట అది. నీ పైపులో సున్నాకు కాస్త కిందికి దిగితే చాలు, గడ్డకడతాయి.

వాతావరణం యాప్ చూసే పద్ధతి కూడా మార్చుకో. మన దగ్గర లంబసింగిలో చలి సున్నా దగ్గరకొస్తే టీవీలో వార్త, జనం కార్లు వేసుకుని చూడ్డానికి వెళ్తారు. అందుకే ఇక్కడికొచ్చిన మొదట్లో ప్లస్ 2 అని చూసి హమ్మయ్య అనుకుంటాం. ఇక్కడి వాతావరణ శాఖ మెట్ ఆఫీసు చెప్పేది నేలకు 1.25 మీటర్ల ఎత్తున గాలి వేడి. మబ్బు లేని, గాలి కదలని రాత్రి వ్యాన్ పైకప్పు ఆకాశంలోకి వేడి వదిలేసి చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. అందుకే ప్లస్ 2, నిర్మలాకాశం అని ఉంటే నేను మైనస్ అనే అనుకుంటాను. ఈదురుగాలితో 'మైనస్ 6 లాగా అనిపిస్తుంది' అన్నదాన్ని మాత్రం పట్టించుకోకు, అది మనిషి చర్మానికి. గాలికి పంపు తొందరగా చల్లారుతుంది కానీ ఉన్న గాలి వేడి కంటే కిందికి పోదు. పది పౌండ్లకు వైర్‌లెస్ థర్మామీటరు దొరుకుతుంది. సెన్సరు పంపు పక్కన పెట్టి, డిస్‌ప్లే కిటికీ దగ్గర పెట్టుకో. పడుకునే ముందు అందులో 4 కంటే ఎక్కువ ఉంటే నిశ్చింతగా పడుకో.

ఇదంతా రాత్రి మైనస్, పగలు ప్లస్ ఉండే మామూలు చలికి. పగలు కూడా సున్నా దాటని రోజులు వరసగా వస్తే లెక్క మారుతుంది. 2010 డిసెంబరు అలాంటిదే, 2018లో ఫిబ్రవరి చివర్లో తూర్పు నుంచి వచ్చిన చలి కూడా. ట్యాంకు రోజూ కొంత వేడి కోల్పోతుంది, నువ్వు పనికెళ్ళవు కాబట్టి వెచ్చని నీళ్ళు మళ్ళీ ఎక్కించవు. అప్పుడు మాత్రం ట్యాంకు వంచెయ్, నీళ్ళు రోడ్డు మీద కాకుండా డ్రెయిన్‌లో పోవాలి, లేదంటే పొద్దున వీధంతా అద్దమైపోతుంది. పంపు రెండు వైపులా పైపులు విప్పు, ఫిల్టరు గిన్నెలు ఊడదీసి సీటు మీద పెట్టుకో, వాల్వు సగం తెరువు. కస్టమర్లకు మెసేజ్ పెట్టి ఇంట్లో కూర్చో.

పనికెళ్ళే రోజుల్లో తొందరపడి ఏడింటికే వెళ్ళకు. మొదటి గంట రెండు గంటలు దుకాణాల అద్దాలు బకెట్, స్క్వీజీతో చేసుకో, బకెట్‌లో కాస్త స్క్రీన్‌వాష్ కలిపితే అద్దం మీద గడ్డకట్టదు. పోల్ పని పది తర్వాత, ఎండ తగిలే వైపు నుంచి మొదలుపెట్టు. మంచు పట్టిన అద్దం మీద వేడినీళ్ళు పోయకు, పగిలితే బిల్లు నీదే. చల్లటి నీళ్ళు చిక్కగా ఉంటాయి, 20 డిగ్రీల నీటికంటే 5 డిగ్రీల నీటికి స్నిగ్ధత సగం ఎక్కువ. అందుకే కంట్రోలరు ఊరికే డెడ్ ఎండ్ చూపిస్తుంటే కాలిబ్రేషన్ (ఎంత ఒత్తిడికి డెడ్ ఎండ్ అనుకోవాలో చెప్పే సెట్టింగు) ఒకటి రెండు మెట్లు పెంచు. ఇది పంపు మామూలుగా తిరుగుతున్నప్పుడే సుమా, గడ్డకట్టినప్పుడు కాదు.

అన్నిటికంటే ఎక్కువ భయపడాల్సింది కస్టమర్ గుమ్మం ముందు నేల. పోల్‌తో చేస్తే ఒక్కో ఇంటికి పది పదిహేను లీటర్ల నీళ్ళు కింద పడతాయి, సాయంత్రానికి అవి కనిపించని మంచు పలక. ఆ ఇంట్లో ముసలావిడ చెత్తబుట్ట పెట్టడానికి చెప్పులేసుకుని బయటికొస్తుంది. నేల గట్టిపడి ఉంటే నేను పోల్ తీయను. సందేహంగా ఉంటే మెట్ల మీద నీళ్ళు చీపురుతో నెట్టేసి ఉప్పు చల్లి, తలుపు కొట్టి చెప్పి వస్తాను. పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ ఉంది కదా? లేకపోతే హీటరు కంటే ముందు అది కట్టు.

ఈ వారాంతంలో నువ్వు చేయాల్సింది ఇంతే: శనివారం ఆర్‌ఓనీ రెజిన్‌నీ దించు, ఆదివారం పంపుని ట్యాంకు పక్కకు జరిపి షీట్లు బిగించు. గిన్నెలో చీలిక కనిపించిందో లేదో, పంపు ఏ మోడలో రాయి. మోడల్ నంబరు మోటారు మీద స్టిక్కరులో ఉంటుంది. ఏ పార్టు తెప్పించుకోవాలో చెప్తాను.